గుట్ట ఎక్కని బండి

కొత్తగా పానా పట్టుకునే పిల్లలకు పనికొచ్చేలా నాలుగు మాటలు రాసిపెట్టమని మా మేనల్లుడు అడిగాడు. షెడ్డు ఇప్పుడు వాడిదే. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. నేను బడిని మానేశానా, బడే నన్ను మానేసిందా అన్న విషయంలో మా పంతులుకూ నాకూ చివరిదాకా మాట కలవలేదు. కాబట్టి అక్షరాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి. బోల్టులు మాత్రం సరిగ్గానే బిగించాను, చాలావరకు.

నన్ను యాకన్న అంటారు. ముందు ఖమ్మంలో ఖాదర్ ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాను. తర్వాత పాల్వంచ దాటాక, భద్రాచలం పోయే రోడ్డు పక్కన సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాను. నా చేతి కిందికి వచ్చినవన్నీ ముసలి పికప్ బండ్లే. కొత్త బండి షోరూముకు పోతుంది. అక్కడ ముద్దు తీరిపోయాక మా దగ్గరికి వస్తుంది. అప్పటికి అది మిర్చి మోసి, సుబాబుల్ కర్ర మోసి, పెళ్లివాళ్లను మోసి, నడుము పడిపోయి ఉంటుంది. బాగుచేసిన బండ్ల గురించి గొప్పలు చెప్పను. బాగైన బండిని దాని ఓనరే మరిచిపోతాడు, నాకెందుకు గుర్తుంటుంది? గుర్తున్నవి వేరే ఉన్నాయి.

"లాగుతలేదన్నా"

మా దగ్గరికి వచ్చే డ్రైవర్లలో సగం మంది చెప్పే మాట ఇదొక్కటే. "బండి లాగుతలేదన్నా, దమ్ము లేదు." విన్న వెంటనే ఇంజను విప్పకండి. ముసలి మనిషి మెట్లెక్కలేకపోతే వెంటనే గుండె కోయరు కదా. కాలిలో ముల్లు గుచ్చుకుందేమో చూస్తారు.

ఖాదర్ ఉస్తాద్ చేతి దురుసు మనిషి. తప్పు సైజు పానా అందిస్తే అదే పానాతో వీపు మీద ఒకటి ఇచ్చేవాడు. కొడితే పని వస్తుందని ఆయన నమ్మకం. కొట్టినందుకు నాకు వచ్చింది దెబ్బ తప్పించుకునే విద్య ఒక్కటే. పని మాత్రం ఆయన మాటల్లోంచి వచ్చింది. మీరు ఎవరినీ కొట్టకండి, మాటలు మాత్రం వినండి.

"అరే, బానెట్ తర్వాత లేపు," అనేవాడు. "ముందుగాల డ్రైవర్‌కు చాయ్ తాపు. బండి ఏడ మొరాయిస్తదో, ఎప్పుడు మొరాయిస్తదో ఆనికే ఎరుక. నీకేం ఎరుక?"

ఇంజనుకు కావాల్సింది గాలి, డీజిలు, పొగ బయటికి పోవడానికి దారి. వీటిలో ఏది తగ్గినా దమ్ము పోతుంది. నల్లపొగ కక్కుతూ లాగకపోతే గాలి అందడం లేదని అనుమానించండి. ఇల్లందు వైపు బొగ్గు రోడ్ల మీద తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపితే ఒక పూట పొయ్యికి సరిపోయే బొగ్గు రాలేది. పొగే లేకుండా, గొంతు పట్టుకున్నట్టు ఇంజను మూలుగుతూ ఆగిపోతే డీజిలు అందడం లేదు. ఏ పొగా లేదు, ఏ మూలుగూ లేదు, అయినా లాగడం లేదంటే దిగి చక్రాల మీద చెయ్యి పెట్టండి. కుసుమంచి నుంచి ఒక బండి వచ్చింది. ఎవరో మహానుభావుడు అప్పటికే ఇంజను మొత్తం విప్పి బిగించాడు. నేను వెనక చక్రం ముట్టుకుంటే చెయ్యి కాలింది. హ్యాండ్ బ్రేకు తీగ పట్టేసి ఉంది. పాపం, ఆ ఇంజను బ్రేకుతో కుస్తీ పడుతూనే మిర్చి మోసింది.

ఇవన్నీ నవ్వుకుంటూ చెప్పుకునేవి. కన్నయ్య బండి సంగతి కూడా నేను చాలాకాలం నవ్వుకుంటూనే చెప్పాను. అక్కడే వచ్చింది చిక్కు.

కన్నయ్య, రాఘవరావు గారు

కన్నయ్య అడవి లోపలి కోయగూడెం మనిషి. ఆ గూడెంలో నాలుగు చక్రాల బండి స్టీరింగు పట్టినవాడు అతనొక్కడే. ఎవరికి పాము కరిచినా, ఎవరికి నొప్పులొచ్చినా ముందు కన్నయ్య బండి కోసమే చూసేవాళ్లు. బండి అతనిది కాదు, రాఘవరావు గారిది. అయినా గూడెం మొత్తానికీ అది కన్నయ్య బండే.

రాఘవరావు గారిది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్న కుటుంబం. అడవి అవతల మిర్చి వేసేవారు. ఆ చేల నుంచి ఖమ్మం మార్కెట్టుకు పోవాలంటే మధ్యలో ఒక గుట్ట ఎక్కాలి. పెద్దదేం కాదు కానీ మొండిది. మలుపు మీద మలుపు, మధ్యలో ఆగడానికి చదునైన చోటు లేదు.

ఒక మిర్చి సీజనులో కన్నయ్య షెడ్డుకు వచ్చాడు. చాయ్ తాగించి అడిగాను.

"ఏందే కన్నయ్యా, ఏమంటది నీ ముసల్ది?"

"గుట్ట ఎక్కుతలేదన్నా. చేలకాడ మంచిగనే బయల్దేరుతది. గుట్ట సగంల ఊపిరి ఆడనట్టు చేస్తది. గుంజుకొని గుంజుకొని ఆగిపోతది."

"పొగ?"

"పొగ లేదు. జరసేపు ఆగినంక మళ్ల లేస్తది. నాలుగడుగులు పోయి మళ్ల కూసుంటది."

"మా ఇంటిదాని లెక్కనే ఉన్నది," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

పొగ లేదన్నాడు, గుంజుకుంటుందన్నాడు. అంటే డీజిలు అందడం లేదు. డీజిల్ ఫిల్టర్ మార్చాను. ట్యాంకులోంచి డీజిలు గుంజే ఫీడ్ పంపు విప్పి చూశాను. పైపులన్నీ ఊదాను. ట్యాంకు దించి కడగాలన్నాను. ట్యాంకు మూతకు తాళం ఉంది, తాళంచెవి రాఘవరావు గారి దగ్గర ఉంది. కబురు పెడితే ఆయనే వచ్చారు. తాళంచెవి జంధ్యంలా మెడలో వేలాడుతోంది.

తాళం ఎందుకంటే, అంతకుముందు ఎవరో ఆయనతో డ్రైవర్లు దారిలో పైపు పెట్టి డీజిలు తీస్తారని చెప్పారు. ఆయన బజారులో తాళం మూత కొనుక్కొచ్చి వేయించారు. అది కొంచెం వదులుగా కూర్చుంది. వానాకాలంలో మా దగ్గర రోడ్డు మీదుగానే వాగులు పారతాయి. పికప్ ట్యాంకేమో కింద ఉంటుంది. నీళ్లు మూత దాకా వస్తాయి. అందుకని మావాళ్లు మూత కింద సైకిల్ ట్యూబు కోసి రింగులా వేస్తారు. ఆయనా వేయించారు. అడవి రోడ్ల మీద తిరిగే బండ్లలో సగానికి ఆ రింగు ఉంటుంది కాబట్టి దాని వైపు ఎవరూ చూడరు. నేనూ చూడలేదు.

ట్యాంకు కడిగాను. బండి సాఫీగా నడిచింది. "పో కన్నయ్యా, దీని మీద ఆ గుట్ట కాదు, తిరుపతి కొండెక్కు," అని పంపాను.

రెండో ట్రిప్పులోనే గుట్ట మీద ఆగింది.

ఓనరు ఎక్కితే ఎక్కుతుంది

ఈసారి రాఘవరావు గారు తనే బండిలో కూర్చుని వచ్చారు. "పద యాకన్నా, ఆ గుట్టేదో నేనూ చూస్తా," అన్నారు. కన్నయ్య నడిపాడు. ఆయన మధ్యలో, నేను కిటికీ పక్కన. చేల దగ్గర మిర్చి ఎత్తుకుని లోడుతోనే పోయాం.

గుట్ట కింద చాయ్ హోటలు దగ్గర ఆపమన్నారు. సీటు వెనక నుంచి సన్నటి వెదురు పుల్ల తీశారు. దాని మీద కత్తితో గాట్లు పెట్టుకున్నారు. తాళం తీసి, పుల్ల ట్యాంకులో ముంచి, పైకి లేపి వెలుగులో చూసి, తల ఊపి, మళ్లీ తాళం వేశారు. ఎక్కడ ఆపినా ఆయన అదే పని చేసేవారు. బండి గుట్టెక్కింది. ఒక్క మూలుగు లేదు.

"చూశావా?" అన్నారు రాఘవరావు గారు. "నేనెక్కితే ఎక్కుతుంది. వీడొక్కడే అయితే ఎక్కదు. బండికి నా మీద భక్తంటావా?"

"సారూ, నేనేం చేస్తలేను," అన్నాడు కన్నయ్య. "దేవునితోడు, ఆగుతది."

"ఎందుకాగదూ? సంతకు పోయేవాళ్లను ఎక్కించుకోవాలి, మూతకు తాళమున్నా కింద పైపు ఊడదీసి డీజిలు అమ్ముకోవాలి, మధ్యలో ఆగినట్టు కథ చెప్పాలి. నాకు తెలీదనుకున్నావా?"

దిగాక కన్నయ్య నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, ఒక్కసారి నువ్వూ నేనే పోదాం. సారు వద్దు. చేలకాడికెల్లి గుట్ట దాకా ఏడా ఆపకుండ పోదాం. అప్పుడు సూడు."

ఆ మాటలో విద్యంతా ఉంది. నేను రాఘవరావు గారిని అడిగాను. "సారూ, ఒక్క ట్రిప్పు మేమిద్దరం పోయొస్తం."

"నా డీజిలు మీద మీ ఇద్దరికీ షికారా?" అన్నారు. బండి ఆయనది. ఆ ట్రిప్పు మేం పోలేదు.

పిల్లలూ, ఇది మన పనిలో ఉన్న పెద్ద గుడ్డితనం. బండి నడిపేది ఒకడు, మనకు కిరాయి ఇచ్చేది ఇంకొకడు. కిరాయి ఇచ్చేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష చేస్తాం. జబ్బు మాత్రం నడిపేవాడికే కనిపిస్తుంది.

తడిసిన మిర్చి

సీజను చివర్లో, అకాల వాన పడిన రోజు, బండి గుట్ట మధ్యలో ఆగింది. నిండా ఎండుమిర్చి బస్తాలు. కన్నయ్య పట్టా కప్పాడు. గాలికి పట్టా లేచిపోతే తన ఒంటిమీది చొక్కా, లుంగీ కూడా బస్తాల మీద కప్పాడని దారిన పోయినవాళ్లు చెప్పారు. మిర్చి తడిసింది. తడిసిన మిర్చి రంగు పోతుంది, మార్కెట్టులో దాని వైపు ఎవరూ చూడరు.

తర్వాతి సంత రోజు రాఘవరావు గారు కన్నయ్యను సంతలో పట్టుకున్నారు. చుట్టూ గూడేల వాళ్లు, మిర్చి ఏరే కూలీలు, మిగతా బండ్ల డ్రైవర్లు. నేను గొర్రెమాంసం దుకాణం దగ్గర ఉన్నాను.

"డీజిలు దొంగ! వీడికి ఇంకెవరైనా బండి ఇచ్చారో, మీ ఖర్మ!" అని అరిచారు.

కన్నయ్య నా వైపు చూశాడు. "యాకన్నా, నువ్వన్న చెప్పరాదె. బండిల ఏమన్నున్నదా, లేదా?"

"ఉన్నదనే నా అనుమానం సారూ," అన్నాను. "నాకింకా దొరకలే. జర ఆగుండ్రి."

"నీకే దొరకని జబ్బు బండికెక్కడిదయ్యా!" అన్నారాయన. నా పనితనాన్ని ఆయన మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అది ఇంకొకడి మెడకు చుట్టుకుంది.

కన్నయ్య బండి తాళాలు ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. డ్రైవర్ల దగ్గర మాట పొగకంటే జల్దీ పాకుతుంది. ఆ చుట్టుపక్కల ఎవరూ అతనికి స్టీరింగు ఇవ్వలేదు.

బుస్సుమన్న మూత

మళ్లీ మిర్చి కాలం వచ్చింది. రాఘవరావు గారు కొత్త డ్రైవరును పెట్టుకుని, నమ్మకం లేక ప్రతి ట్రిప్పుకూ తనే పక్కన కూర్చునేవారు. అంటే ప్రతి ట్రిప్పుకూ పుల్ల ముంచేవారు. బండి బంగారంలా నడిచింది. "దొంగ పోయాడు, జబ్బు పోయింది," అని ఊరంతా చెప్పారు.

ఒకరోజు ఆయన ఫోను. "యాకన్నా, గుట్ట మీద ఆగిపోయిందయ్యా. జల్దీ రా."

ఆయన నోట 'జల్దీ' వినడం అదే మొదలు. ఇరవయ్యేళ్లుగా మా మధ్య ఉన్నా ఆయన నోటికి రాని మా తెలంగాణ మాట, గుట్ట మీద ఆగితే వచ్చింది. మోటారు సైకిలు మీద పోయాను. ఆయన బండి పక్కన రాయి మీద కూర్చున్నారు. కొత్త డ్రైవరు చెట్టు నీడలో బీడీ తాగుతున్నాడు. పొగ లేదట. గుంజుకుని గుంజుకుని ఆగిందట. మాటకు మాట కన్నయ్య చెప్పిందే.

"డీజిలెంతున్నది సారూ?"

"నిన్ననే నిండుగా పోయించా. ఇవాళ తాళంచెవి ఇంట్లో మరిచిపోయా, స్నానం చేస్తూ తీసి గూట్లో పెట్టా. చేల దగ్గర కూడా పుల్ల ముంచి చూసుకోలేదు."

సరే, చూడాల్సిందే కదా. స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో తాళం పగలగొట్టాను. మూత కదిలించానో లేదో, బుస్సుమంది. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు. నీళ్లలో మునిగినవాడు పైకొచ్చి పీల్చినట్టు.

నేను ఆ మూత పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ట్యాంకులోంచి డీజిలు ఇంజనుకు పోతుంటే, పోయినంత జాగాలోకి గాలి రావాలి. అందుకే మూతకు చిన్న రంధ్రం ఉంటుంది. ఈ తాళం మూతకు రంధ్రం లేదు. వదులుగా ఉన్నన్నాళ్లూ సందులోంచి గాలి పోయేది. సైకిల్ ట్యూబు రింగు ఆ సందు కూడా మూసేసింది. చేల నుంచి గుట్ట దాకా వచ్చేసరికి ట్యాంకు లోపల గాలి కరువై డీజిలును వెనక్కి గుంజుతుంది. కాసేపు ఆగితే ఎక్కడో సన్నగా గాలి దిగుతుంది, నాలుగడుగులు నడుస్తుంది. మూత తీస్తే జబ్బు పూర్తిగా మాయం. రాఘవరావు గారు పుల్ల ముంచిన ప్రతిసారీ మూత తీశారు. నేను షెడ్డులో చెయ్యి వేసిన ప్రతిసారీ మూత తీయించాను. మూత తీసే హక్కు లేనివాడు ఒక్కడే, కన్నయ్య.

చేతి పంపు కొట్టి, డీజిలు పైపులో చేరిన గాలి తీసి స్టార్ట్ చేయమన్నాను. మూత లేకుండా, గుడ్డ కప్పి పోనిచ్చాం. గుట్టెక్కింది.

విషయం చెప్పాను. ఆయన మూతను అటూ ఇటూ తిప్పారు.

"ఈ తాళం నేనే వేయించా కదయ్యా," అన్నారు.

"అవ్ సారూ."

"దొంగతనం జరక్కూడదని వేయించా."

"జరగలే సారూ. గాలి కూడా దొంగతనంగ పోలే."

ఆ మాట అన్నందుకు నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

సంతలో కథ

మూత జేబులో వేసుకుని కన్నయ్య గూడేనికి పోయాం. రాఘవరావు గారు బండి దిగలేదు. కన్నయ్య మిర్చి ఏరి వచ్చి చేతుల మంటకు బురద పూసుకుంటున్నాడు. మూత చేతికిచ్చి చెప్పాను. అతను దాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఊది చూశాడు. గాలి పోలేదు.

"గీ మూతనా అన్నా?"

"గీ మూతనే."

"ఆ దినం మనిద్దరం పోయుంటే గుట్ట మీద దొరుకుతుండె."

బండిలోంచి రాఘవరావు గారు పిలిచారు. "రేపట్నుంచి బండెక్కవయ్యా కన్నయ్యా. అయిందేదో అయింది."

కన్నయ్య బండి దగ్గరికి పోయి చేతులు కట్టుకున్నాడు. "ఎక్కుత సారూ. సంతల అన్నరు గద. సంతల్నే చెప్పుండ్రి, కన్నయ్య దొంగ కాదని. గప్పుడు ఎక్కుత."

ఆయన అద్దంలోంచి ముందుకు చూశారు. "చూద్దాంలే," అన్నారు. ఆ సంతకు రాలేదు. తర్వాతి సంతకూ రాలేదు. కొన్నాళ్లకు ఆ బండి అమ్మేశారు. మనిషి చెడ్డవాడు కాదు. వాన పడితే కూలీలను తన ఇంటి వరండాలో ఉంచేవారు. నలుగురి ముందు ఒక్క మాట వెనక్కి తీసుకోవడం మాత్రం ఆయన చేత కాలేదు.

ఆయన చెప్పకపోతే నేను చెబుతానని మొదలుపెట్టాను. నాకు చెప్పడం ఒకే రకంగా వచ్చు, నవ్విస్తూ. సంతలో చాయ్ హోటలు ముందు నిలబడి పుల్ల ముంచే సారులా నటించేవాణ్ణి, బుస్సుమనే మూతలా ఊపిరి పీల్చేవాణ్ణి. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. చివర్లో "కన్నయ్య దొంగ కాదు," అని చెప్పేవాణ్ణి. అప్పటికే నవ్వులో సగం మందికి వినపడేది కాదు. నేను అది గమనించలేదు.

ఒక సంతలో కూలీల బండి వచ్చి ఆగింది. వెనక బల్ల మీద ఆడవాళ్ల మధ్య కన్నయ్య కూర్చున్నాడు, స్టీరింగు ముందు కాదు. దిగి ఉప్పు, చింతపండు కొనుక్కుంటున్నాడు. హోటలు దగ్గర పిల్లగాళ్లు నన్ను చూసి కేక వేశారు.

"యాకన్నా! ఆ డీజిలు దొంగ కథ చెప్పరాదె!"

వాళ్లకు కన్నయ్య ఎవరో కూడా తెలియదు. కథకు వాళ్లు పెట్టుకున్న పేరు అది. ఏడాది పొడవునా నేను ఆ పేరునే ఊరూరా తిప్పాను, నవ్వులు కలిపి మరీ. కన్నయ్య విన్నాడు. నన్ను చూశాడు. కోపం లేదు. సంచి భుజాన వేసుకుని బండి వెనక ఎక్కి, ఆడవాళ్లు జరిగిన చోట కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి నేను ఆ కథ సంతలో చెప్పలేదు. ఇక్కడ మీకోసం రాశాను. మూత సంగతి మీకు పనికొస్తుంది. గుట్ట మీద ఆగిన బండి మీ దగ్గరికి వస్తే, ఏదీ విప్పకుండా, ఏ మూతా తీయకుండా, నడిపేవాడితో కలిసి అతను చెప్పిన దారినే పోయి రండి. ఓనరును చాయ్ హోటల్లో కూర్చోబెట్టండి. ఆయన వద్దంటే బండిని ముట్టుకోకండి.

ఎవరైనా మిమ్మల్ని ఈ కథ చెప్పమంటే నటించకండి, మూతలా బుస్సుమనకండి. ఇంతే చెప్పండి. మూతకు గాలి రంధ్రం లేదు. కన్నయ్య డీజిలు దొంగిలించలేదు.